వంతుపట్టీ

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో కూలీలకు ఆకలి వేయదు. జ్వరం రాదు. పన్నెండు మంది ఒక గోడను ఎనిమిది రోజుల్లో కడతారంటే కట్టి తీరతారు. పదహారు మందయితే ఆరు రోజులు. మధ్యలో ఒకడికి నడుం పట్టేయడం గానీ, ఒకామెకు నెలలు నిండటం గానీ ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. కుర్మయ్య సార్ ఇరవై రెండేళ్లు ఆ లెక్కలే చెప్పాడు. పాలమూరు నుంచి వలసపోయి కాలువలు తవ్విన తల్లిదండ్రులకు పుట్టినవాడు కాబట్టి, బోర్డు మీద ఆ లెక్క రాసినప్పుడల్లా ఆయనకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది.

అలాంటి కూలీలను నిజంగానే తయారుచేశామని ఒక రోజు హైదరాబాదు శివారులోని ప్రయోగశాల నుంచి కబురొచ్చింది. పిలిపించింది డాక్టర్ సుభాషిణి. నరాల శాస్త్రంలో పెద్ద పేరున్న మనిషి. నిజానికి పిలవాలని ఆమెకేం సరదా లేదు. ప్రయోగానికి ఒప్పుకున్న సొరంగం కూలీల గ్యాంగులో జములమ్మ అనే ఒకామె అడ్డం తిరిగింది. "మా అన్న లెక్కల సారు. ఆయనొచ్చి సూసి సరే అంటేనే మేం ఈ పట్టీలు కట్టుకుని పనిలకు దిగేది" అని కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆ అన్న కుర్మయ్యే.

అన్నాచెల్లెళ్లలో ఒక్కరినే చదివించే తాహతుండేది ఆ ఇంట్లో. అన్నను హాస్టల్లో వేశారు, చెల్లెలి చేతికి తట్ట ఇచ్చారు. సెలవులకు ఇంటికొస్తే అన్న పుస్తకం తిరగేసి, ఆయన కాగితం మీద చేసే లెక్క ఆమె నోటితో చెప్పేసేది. చదువు తనకు వచ్చింది గానీ లెక్క దానికే వచ్చిందని కుర్మయ్య తన క్లాసుల్లో చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా సిగ్గుపడ్డాడు.

ఆ రోజు ప్రయోగశాలలో ఆయన చూసింది ఇదీ. జములమ్మ మొగుడు ఆశన్న యాభై కిలోల ఇసుక సంచులు ఎత్తి బల్ల మీద పెడుతున్నాడు. గోడవారగా ఐదుగురు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు. అందరి మణికట్లకూ నల్లటి పట్టీలున్నాయి. అరవై సంచులెత్తినా ఆశన్నకు కొద్దిగానే చెమట పట్టింది. కూర్చున్న వాళ్లకూ అంతే పట్టింది. జములమ్మ టీ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ రొప్పుతోంది.

"ఏందన్నా ఇది! మూటలు ఆయన మోస్తుండు, ఆయాసం నాకొస్తుంది. పెండ్లయినకాడి నుంచి ఉన్న కతే గదా, దీనికి మళ్ల మిషనెందుకు?" అందామె. అందరూ నవ్వారు. సుభాషిణి కూడా నవ్వింది.

అలసటను మాయం చేయడం తన వల్ల కాలేదని, పంచడం మాత్రం అయిందని ఆమె చెప్పింది. ఒకరి కండరాల్లో పుట్టిన అలసటను పట్టీ పీల్చుకుని ఒక యంత్రపు పెట్టెకు పంపుతుంది. పెట్టె దాన్ని పట్టీ కట్టుకున్న అందరికీ సమానంగా వేస్తుంది. కుర్మయ్య గ్యాంగు ముందు నిలబడి తన భాషలో చెప్పాడు.

"పని బరువు పెరిగితే ఒక్కొక్కరి వంతు పెరుగుతది. ఇది అనులోమం. మనుషులు పెరిగితే వంతు తగ్గుతది. ఇది విలోమం. రెండూ ఒక్కసారే మారుతుంటే మిశ్రమం. మొత్తం బరువును మనుషులతోని భాగించుర్రి, మీ వంతు వస్తది. గంతే."

"అయితే ఒక షరతు" అంది జములమ్మ. "పట్టీల మీద పేర్లుండొద్దు. ఎవరు ఎంత అలసిన్రో పెట్టెకు తెలవొద్దు. తెలిస్తే రేపు ఆ కాంట్రాక్టరు, నువ్వు తక్కువ అలసినవ్, నువ్వు సోమరివి అని ఏరేస్తడు. మొత్తమెంత, వంతెంత... ఈ రెండే కనపడాలె."

సుభాషిణి కాసేపు వాదించి ఒప్పుకుంది. ఆ షరతు విని కుర్మయ్యకు గర్వంగా అనిపించింది. తానైతే అంతదూరం ఆలోచించేవాడు కాదు.

పశ్చిమ కనుమల్లో ఒక కొండ కింద నీటి సొరంగం తవ్వకానికి ఆ ముప్పై ఆరుగురూ పట్టీలు కట్టుకుని దిగారు. బడికి సెలవు పెట్టి కుర్మయ్య పెట్టె దగ్గర లెక్క మనిషిగా చేరాడు. చెల్లెలి కళ్ల ముందు ఉండాలన్నది అసలు కారణం. చిన్నప్పుడు దాని వంతు చదువు తాను తిన్నాడు, ఇప్పుడైనా కాపలా ఉండాలనుకున్నాడు. పైకి మాత్రం జీతం బాగుందని చెప్పాడు.

మొదటి నెలలు పండగలా గడిచాయి. ఏళ్ల తరబడి ఆశన్నను పీడించిన నడుం నొప్పి పోయింది. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి కూడా మగవాళ్లు వాలీబాల్ ఆడేవారు. అది చూసి కాంట్రాక్టరు షిఫ్టు ఒక గంట పెంచాడు. తర్వాత ఇంకో గంట. ఎవరూ కూలబడటం లేదు కదా, ఎవరడ్డొస్తారు? జములమ్మ ఒక రోజు రేకుల షెడ్డు ముందు జొన్నరొట్టెలు చేస్తూ అన్నకు ఒకటి వేసి పెట్టి అంది.

"అలుపు ఎటు పోలేదన్నా. ఎనకట ఒకడు పడిపోతే మిగిలినోళ్లకు తెలిసేది, ఆపేటోళ్లు. ఇప్పుడు అందరం కొంచెం కొంచెం సస్తున్నం, ఎవరికీ తెలుస్తలేదు."

"హద్దు నలభై ఐదమ్మా, అది దాటితేనే మనిషి కూలబడేది. మీ వంతు ముప్పైకి మించుతలేదు. నేను సూస్తున్న గదా" అన్నాడు కుర్మయ్య.

"నువ్వు అంకె సూస్తున్నవ్ లే" అని ఆమె ఇంకో రొట్టె వేసింది. ఆయన నొచ్చుకున్నాడు, కానీ రొట్టె తిన్నాడు.

ఫాల్గుణ మాసంలో ఒక ఉదయం ఆరు గంటలకు సొరంగం కప్పు కూలింది. ముందు భాగంలో రాళ్లెత్తడానికి వెళ్లిన తొమ్మిది మంది అవతల చిక్కుకున్నారు. వాళ్లలో జములమ్మ ఉంది. ఆశన్న ఇవతల ఉన్నాడు. మధ్యలో పద్నాలుగు మీటర్ల రాయీ బురదా. అరిచినా, ఇనుప కడ్డీతో కొట్టినా చప్పుడు ఆ బురదలోనే ఇంకిపోతోంది. మాట దాటదు గానీ పట్టీల సంకేతం మాత్రం రాతిని దాటుతుంది. అందుకే పెట్టె మీద మొత్తాన్ని వంతుతో భాగిస్తే ముప్పై ఆరే వచ్చింది. ముప్పై ఆరు మందీ ఉన్నారు. తొమ్మిది మందీ బతికే ఉన్నారు.

సైటు ఇంజనీరు తమిళ కుర్రవాడు. కొలతల కాగితం తెచ్చి కుర్మయ్య ముందు పెట్టాడు. లోపల ఖాళీ ఎంతో, గాలి ఎంతో దాని మీద ఉంది. కుర్మయ్య లెక్క మొదలుపెట్టాడు. కదలకుండా పడుకున్న తొమ్మిది మందికి ఆ గాలి పదహారు గంటలు వస్తుంది, అంటే రాత్రి పది దాకా. పట్టీలు లేకుండా ఇరవై ఏడుగురు ఆగి ఆగి తవ్వితే ఇరవై గంటలు. పట్టీలతో ఆగకుండా తవ్వితే పన్నెండు. ఆరున్నరకు మొదలుపెడితే సాయంత్రం ఆరున్నరకు దారి పడుతుంది.

"పన్నెండు గంటలల్ల తీస్తం. గాలి పదహారు గంటలుంది. ఏం భయం లేదు" అని గట్టిగా చెప్పాడు. ఆశన్న ఆ మాట విని పలుగు అందుకున్నాడు. మేస్త్రీ నర్సప్ప మనుషులను మూడు వరసలుగా నిలబెట్టాడు. ఒక వరస తవ్వడం, ఒక వరస ఎత్తడం, ఒక వరస మోయడం. ఎవరూ ఆగలేదు. ఎవరికీ ఆగాల్సినంత అలుపూ రాలేదు.

మొత్తం బరువు వెయ్యిన్ని ఎనభై. మనుషులు ముప్పై ఆరు. వంతు ముప్పై. ఐదు గంటలసేపు ఆ ముప్పై అలాగే నిలబడింది. కుర్మయ్య పెట్టెను సొరంగంలోకే తెచ్చుకుని ఆ అంకెను రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నాడు. అది ముప్పైగా ఉన్నంతసేపూ చెల్లెలు ఉన్నట్టే.

పదకొండింటికి అంకె కదిలింది. ముప్పై పాయింట్ ఎనిమిది ఆరు.

సొరంగంలో తట్ట మోస్తున్న వాళ్ల అడుగులు ఒక్క క్షణం తడబడ్డాయి. "ఎందుకో జెర బరువైతుంది సార్" అని నర్సప్ప కేకేశాడు. పని పెరిగిందేమోనని కుర్మయ్య మొత్తం చూశాడు. వెయ్యిన్ని ఎనభై, మారలేదు. మొత్తం మారకుండా వంతు పెరిగిందంటే మారింది మనుషులే. వెయ్యిన్ని ఎనభైని ముప్పై పాయింట్ ఎనిమిది ఆరుతో భాగించాడు. ముప్పై ఐదు వచ్చింది. ఇవతల ఇరవై ఏడుగురూ కళ్లెదుటే ఉన్నారు, మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. తగ్గింది లోపలే.

అప్పుడు ఆయనకు తన తప్పు కనబడింది.

లెక్క చెప్పే ప్రతిసారీ మాస్టార్లు ఒక మాట అంటారు, మిగతావి మారనప్పుడు అని. పిల్లలు దాన్ని నోట్సులో కూడా రాసుకోరు. ఇరవై రెండేళ్లుగా ఆ మాటను గడగడా అనేసి ముందుకు పోవడం ఆయనకు అలవాటైపోయింది. తవ్వకం ఒక లెక్కగా చేశాడు, గాలి ఇంకో లెక్కగా చేశాడు. కానీ లోపలున్న తొమ్మిది మంది చేతులకూ పట్టీలున్నాయి. ఇవతల ఆశన్న పలుగు వేస్తుంటే అవతల పడుకున్న జములమ్మకు ఆయాసం వస్తోంది. వంతు ముప్పై ఉంటే ఊపిరి ఒకటిన్నర రెట్లు. పదహారు గంటల గాలి పదకొండు గంటలకైనా రాదు. అంటే ఐదు లోపే అందరూ పోతారు, కొలతల్లో చెప్పినంత గాలి లేకపోతే ఇంకా ముందే. తాము ఎంత తొందరగా తవ్వితే వాళ్ల గాలి అంత తొందరగా అయిపోతుంది.

సుభాషిణికి ఫోను చేశాడు. జరిగిందంతా గబగబా చెప్పాడు.

"లోపలి పట్టీలు మాత్రం ఆపలేమా మేడం?"

"ఏది ఎవరిదో పెట్టెకు తెలియదు కదండీ. ఆపితే అన్నీ ఆపాలి. అప్పుడు మీ తవ్వకం మళ్లీ ఇరవై గంటల వేగానికి పడిపోతుంది." ఆమె మళ్లీ అంది. "మాస్టారూ, ఒక్క మాట. మనిషి పోయినా, పట్టీ తీసేసినా పెట్టెకు రెండూ ఒకటే."

"పట్టీ ఎందుకు తీస్తరు మేడం? మాకు వాళ్లతోని ఉన్న బంధం గదొక్కటే. తీస్తే తెగిపోతమని వాళ్లకు తెల్వదా?"

ఇంతలో అంకె మళ్లీ కదిలింది. భాగించాడు. ముప్పై నాలుగు.

పెట్టె ఆపేద్దామని మూడుసార్లు మీట మీద చెయ్యి వేశాడు. ఆపితే లోపలివాళ్లు నిమ్మళంగా ఊపిరి పీలుస్తారు, కానీ తాము చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది, గాలి అప్పటిదాకా రాదు. ఆపకపోతే తొందరగా చేరతారు, కానీ ఎవరి దగ్గరికి చేరుతారు? ఏ వైపు లెక్క వేసినా చెల్లెలు మిగలడం లేదు. ముప్పై మూడు. ముప్పై రెండు. తానే చంపుతున్నానన్న మాట చెవిలో హోరెత్తుతుంటే ఆయనకు ఇంకేం కనబడుతుంది? అంకె మారిన ప్రతిసారీ ఒక్కొక్క మొహం గుర్తొచ్చింది. ఎల్లమ్మ పోయిందా, చిన్న తిమ్మన్నా, లేక జములమ్మేనా? భాగహారం ఎంతమందో చెబుతుంది. ఎవరో చెప్పదు. మనుషులు ముప్పై. వంతు ముప్పై ఆరు. ఇవతల మోసేవాళ్లకు చెమటలు మొదలయ్యాయి. అయినా ఎవరూ తట్ట దించలేదు.

ఒంటి గంటకు వంతు నలభై అయింది. అక్కడే ఆగింది. వెయ్యిన్ని ఎనభైని నలభైతో భాగించడానికి కాగితం కూడా అక్కర్లేదు.

అదే సమయానికి కప్పు నుంచి నీళ్లు కారడం ఎక్కువైంది. పెళ్లలు పెళ్లలుగా మట్టి రాలుతోంది. ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. లోపల ఒక్కరున్నా తవ్విస్తాననీ, ఎవరూ లేకపోతే మాత్రం ఇరవై ఏడుగురిని ఈ కప్పు కింద ఉంచలేననీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "మీరు చెప్పండి మాస్టార్. లోపల ఉన్నారా?"

అందరూ పని ఆపి ఆయన వైపు చూశారు. కుర్మయ్య ఆ మొహాలన్నీ ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత చెప్పాడు.

"ఇరవై ఏడు. మనమే. లోపల ఎవ్వరు లేరు."

ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా లేచింది. ఆశన్న మాత్రం మళ్లీ పలుగు ఎత్తాడు. నర్సప్పా ఇంకో ఇద్దరూ పట్టుకుంటే విదిలించుకున్నాడు. "ఇడువుర్రి నన్ను! శవమైనా నా చేతులతోని తీసుకుంట!" అని అరిచాడు. కుర్మయ్యే వెళ్లి ఆయన చేతిలో పలుగు పట్టుకున్నాడు.

"ఆశన్నా, నాకు లేదా బాధ? లెక్క తప్పుతదా? ఈ కప్పు కూలితే ఇంకా ఇరవై ఏడు మంది పోతరు. నా మాటిను."

ఆశన్న ఆయన మొహంలోకి చూశాడు. తన అన్న లెక్క తప్పడని జములమ్మ చెప్పగా చెప్పగా ఆయనకూ నమ్మకం కుదిరింది. పలుగు వదిలేశాడు. ఒంటిగంటన్నరకు అందరూ బయటికి వచ్చేశారు.

కప్పుకు దూలాలు కట్టి, యంత్రం తెప్పించి తవ్వితే మూడో రోజు పొద్దున దారి పడింది. తొమ్మిది శవాలను బయట టార్పాలిన్ మీద వరసగా పడుకోబెట్టారు. ఒక్కరి చేతికీ పట్టీ లేదు. తొమ్మిది పట్టీలూ జములమ్మ తలగుడ్డలో మూటగట్టి ఉన్నాయి. జిల్లా ఆసుపత్రి డాక్టరు మధ్యాహ్నానికి కాగితం రాసిచ్చాడు. అందరూ గాలాడకే పోయారట. మొదటి రోజు సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య.

ఆ సమయం దగ్గర కుర్మయ్య కళ్లు ఆగిపోయాయి. మూడుసార్లు చదివాడు. డాక్టరు పొరపాటు పడ్డాడనుకున్నాడు. తర్వాత షెడ్డులోకి వెళ్లి తలుపేసుకుని పెట్టె దానంతటదే అచ్చువేసి ఉంచిన ఆ రోజు పట్టిక తీశాడు. ఆ రోజు తాను రాసుకున్నవన్నీ అంకెలే. ఏ అంకె ఎన్నింటికి మారిందో చూసుకోలేదు. పట్టికలో ఆ సమయాలున్నాయి.

పదకొండు. పదకొండుంబావు. పదకొండున్నర. పదకొండు ముప్పావు. పన్నెండు. అలా ఒంటి గంట దాకా, పావుగంటకు ఒకటి చొప్పున తొమ్మిది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

మనుషులు అలా గడియారం పెట్టుకుని చావరు.

జములమ్మ ఆ చీకట్లో ఎవరి సెల్‌ఫోనులోనో టైము చూస్తూ పట్టీలు తీయించింది. ఊరికే పడుకున్నా ఆయాసం ఎందుకొస్తోందో ఆమెకు తెలిసింది. పలకా బలపం లేకుండా ఆమె రెండు లెక్కలనూ కలిపి చేసింది. పట్టీలు తీసేస్తే గాలి నిలుస్తుంది, కానీ తొమ్మిదీ ఒక్కసారే తీస్తే ఇవతల రాయి ఎత్తుతున్న వాళ్ల మీద బరువు ఒక్కసారే పడుతుంది. అందుకని ఒకటొకటిగా. అన్న పెట్టె ముందు కూర్చుని ఉంటాడు, అంకె చూస్తాడు, పావుగంట పావుగంటకు మారితే చావు కాదని, చెయ్యి పెట్టి తీసిన పట్టీ అని తెలుసుకుంటాడు. మా వంతు కూడా మీరే మోయండి, మేం ఊపిరి బిగబట్టుకుని ఉంటాం, తవ్వండి అని ఆమె చెప్పింది.

ఆయన కాగితం తీసి మిగిలిన గాలి ఎంతో లెక్క వేశాడు. ఐదు గంటలు ఒకటిన్నర రెట్ల ఊపిరి, తర్వాత రెండు గంటలు సగటున సగం మందిదే ఆయాసం, ఆ తర్వాత అందరిదీ మామూలు ఊపిరి. జవాబు వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేశాడు గానీ జవాబు మారలేదు.

తలుపు నెట్టుకుని ఆశన్న లోపలికొచ్చాడు. డాక్టరు రాసిన సమయం ఆయన చెవిన కూడా పడింది. గుడ్లు ఎర్రబడ్డాయి, మూడు రోజులుగా అన్నం తినలేదు. కొట్టడానికొచ్చాడేమోనని కుర్మయ్య లేచి నిలబడ్డాడు. కొడితే బాగుండనిపించింది. ఆశన్న కింద కూర్చున్నాడు.

"నాకు లెక్క రాదు బావా. తెలిసేటట్టు చెప్పు. మనం ఆపకుండ తవ్వితే ఎన్నింటికి పోయేటోళ్లం?"

"వంతు నలభై. హద్దు నలభై ఐదు. తవ్వేటోళ్లమే." కుర్మయ్య కాగితం చూసి చెప్పాడు. "ఆరున్నరకు."

"గాలి ఎందాక ఉండె?"

"ఏడింటి దాకా."

ఆశన్న వేళ్లు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. అరగంట అని ఆయనకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తెలిశాక, పావుగంటకొక పట్టీ తీసిన సంగతి కుర్మయ్య చెబుతుంటే పట్టిక అందుకుని, ఏ అక్షరమూ చదవలేని మనిషి, ఆ తొమ్మిది వరసల మీదా వేలు పెట్టి కిందికి జరిపాడు.

"ఇవన్నీ ఆమె నీకు చెప్పిన మాటలా?"

కుర్మయ్య తలూపాడు.

"తొమ్మిదిసార్లు చెప్పింది బావా" అన్నాడు ఆశన్న. "మా అన్నకు తెలుస్తదని చెప్పింది."

కాగితం ఆయన చేతికే తిరిగిచ్చి, శవాల దగ్గర కూర్చోవడానికి బయటికి వెళ్లిపోయాడు.